ఆదివారం జేబు

కాబట్టి మేజోళ్ళు జేబులో అన్నిటికన్నా పైన ఉండాలి, అడుగున కాదు. నిద్రకళ్ళతో లేచిన పిల్ల ముందు వెతికేది మేజోళ్ళనే. అవి దొరక్కపోతే ఏడుపు, ఏడుపు మొదలైతే జడకు తల ఇవ్వదు, జడ ఆలస్యమైతే బయటినుంచి కారు హారన్ మోగుతుంది, హారన్ మోగాక ఇక ఇంట్లో ఎవరికీ ఏదీ కనపడదు, కాళ్ళ దగ్గరున్న బూట్లు కూడా. ఒక ఇంటి పొద్దుటి పూట ఒక జత మేజోళ్ళ మీద నిలబడి ఉంటుందని తనకు ఎవరూ చెప్పలేదు, చేతులకే తెలిసింది అనుకుంటూ వీరవేణి గోడ మేకులకు గుడ్డ తగిలించి, కాస్త వెనక్కి జరిగి చూసుకుంది.

బాగుంది. బాగుందని ఇంకొకరు అనక్కర్లేదు. పాత కిటికీ తెరను తీసుకుని, మేడం వాళ్ళ అత్తగారి కాలం నాటి కుట్టుమిషను మీద తానే కుట్టింది. వరసగా అయిదు జేబులు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. బడి ఆదివారం మొదలై గురువారంతో ముగుస్తుంది. రోజుకో జేబు. జేబులో ఆ రోజు మేజోళ్ళు, చేతిరుమాలు, రంగు పెన్సిళ్ళో ఆటల చొక్కానో ఏది కావాలంటే అది, వాటితోపాటు కొన్ని రిబ్బను ముక్కలు. అరబ్బీ పుస్తకానికి ఆకుపచ్చ అట్ట వేసింది, లెక్కలకు ఎరుపు, సైన్సుకు నీలం, ఇంగ్లీషుకు పసుపు, మతపాఠాలకు తెలుపు. జేబులో ఏ రంగు రిబ్బను ఉంటే ఆ రంగు పుస్తకం అలమారలోంచి తీసి బ్యాగులో పెట్టుకోవాలి. ఇంకా చదవడం రాని పిల్ల కూడా తనంతట తాను సర్దుకోవచ్చు.

జేబుల మీద రోజుల పేర్లు రాయాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. తనకు అరబ్బీ రాయడం రాదు, తనకు వచ్చిన తెలుగు పిల్లకు రాదు. అక్కర్లేదులే, వరస తెలిస్తే చాలుననుకుంది. మొదటి జేబు ఆదివారం, చివరి జేబు గురువారం. అంతే కదా.

ఆ పిల్ల హెస్సా. ఆరేళ్ళది. ఈ ఏడే ఒకటో తరగతి. వీరవేణి గల్ఫులో విమానాశ్రయం పక్కనున్న అరాద్‌లోని ఈ ఇంటికి వచ్చినప్పుడు చంకలో ఉండేది. దాని అన్న రాషిద్‌కు పదేళ్ళు; వాడు తన సంగతి తాను చూసుకుంటాడు, చూసుకోలేకపోయినా ఆ సంగతి ఒప్పుకోడు. వాళ్ళ నాన్నది ఓడల మీద ఉద్యోగం, నెలకు సగం రోజులు ఇంట్లో ఉండడు. మేడం మనామాలో బ్యాంకుకు వెళుతుంది. ఇల్లు వీరవేణి చేతిలో ఉంటుంది.

ఉంటుంది కాబట్టే వచ్చింది చిక్కు. కూతురు సత్యదుర్గకు కాకినాడలో నర్సింగు సీటు వచ్చింది. ఈ నెలాఖరున హాస్టల్లో చేరాలి. పిల్ల చదువు మొదలైన దగ్గర్నుంచీ ఒక్క జూన్ నెలలోనూ వీరవేణి అంబాజీపేటలో లేదు. కొత్త పుస్తకాలకు అట్టలు వేసింది తండ్రి గంగరాజు. ఆటో నడిపే మనిషి, దినపత్రిక చింపి, ఎలా మడిచినా అట్ట ఊడిపోయేలా వేసేవాడు. ఫోన్లో వీరవేణి మడత చెబుతూనే ఉండేది. ఒక మడత మాటల్లో ఎంతకని చెప్పగలరు? అలా ఈ ఇంట్లోనూ, దీనికి ముందు చేసిన ఇళ్ళలోనూ పదేళ్ళకు పైగా ఇంకొకరి పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తూ ఆమె ఆ పనిలో ఆరితేరింది. దాన్ని గురించి ఆమె ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. కానీ ఈసారి హాస్టలు గుమ్మం దాకా పిల్ల పక్కన తాను నడవాలని మాత్రం నిశ్చయించుకుంది.

మేడం చెడ్డది కాదు. రెండేళ్ళ కిందట వీరవేణి సెలవుకు వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో జరిగింది ఆమెకు ఇంకా గుర్తుంది, అంతే. బదులుగా వచ్చిన మనిషి వంట చేసి తలుపేసుకునేది. రాషిద్ పరీక్షకు బ్యాగు లేకుండా వెళ్ళాడు. హెస్సా అన్నం మానేసింది.

"వంటకు మా పిన్ని వాళ్ళింటి మనిషి వస్తుంది. పిల్లల్ని మాత్రం ఆమె చూడలేదు," అంది మేడం. "పిల్లలు తమంతట తాము తయారవ్వాలి. మొదటి వారం చూద్దాం. బాగా జరిగితే టికెట్ నేనే తీస్తాను. జరగకపోతే డిసెంబరు సెలవులకు వెళ్ళు, వీరవేణీ. ఇంతకన్నా నేనేం చెయ్యలేను."

"జరుగుద్ది మేడం," అంది వీరవేణి. డిసెంబరుకు హాస్టలు గుమ్మం పాతబడిపోతుంది.

*

"వేణీ, ఇదేంటి?" అంది హెస్సా గుడ్డను చూసి. పిల్ల మాట సగం అరబ్బీ, సగం గోదావరి.

"నీ బడి."

"బడి ఇంత చిన్నదా?"

"పెద్దది అక్కడుంది. ఇది ఇంట్లో బడి. రోజుకో జేబు. ఆదివారం మొదటిది, తరవాత వరసగా. నేను సెప్పను, నేను ఇవ్వను. నువ్వే తీసుకోవాల. తెలిసిందా?"

"ఆయ్," అంది హెస్సా.

ఆ మాట పిల్ల నోట మొదటిసారి విన్నప్పుడు మేడం ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని పరుగెత్తుకొచ్చింది. కోనసీమలో అది అవుననడమేనని వీరవేణి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది.

అభ్యాసం మొదలుపెట్టారు. బడి నుంచి టైంటేబుల్ ఇంకా రాలేదు కాబట్టి అన్ని జేబుల్లోనూ మేజోళ్ళు, రుమాలు మాత్రమే ఉన్నాయి. వీరవేణి కావాలనే వంటింట్లోంచి బయటికి రాలేదు. పక్కన నిలబడితే పిల్ల గుడ్డను చూడదు, తన ముఖాన్ని చూస్తుంది. పెద్దవాళ్ళ ముఖంలో జవాబు వెతుక్కోవడం అలవాటైన పిల్ల ఎప్పటికీ తన కళ్ళతో చూడడం నేర్చుకోదు. అందుకని పొయ్యి దగ్గర్నుంచే "ఆదివారం వచ్చేసింది, యల్లా, పద పద!" అని కేక వేసేది. చిట్టి అడుగులు పరుగెత్తేవి. మేజోళ్ళు తొడుక్కుని, రుమాలు జెండాలా ఊపుతూ హెస్సా వచ్చేది. "సోమారం!" మళ్ళీ పరుగు. వారం వారమంతా ఆ సాయంత్రాల్లో చాలాసార్లు గడిచిపోయింది.

శనివారం టైంటేబుల్ వచ్చింది. మేడం చదివి చెబుతుంటే వీరవేణి రిబ్బన్లు కత్తిరించి జేబుల్లో వేసింది. ఆదివారం ఆకుపచ్చ, ఎరుపు, రంగు పెన్సిళ్ళు. గురువారం తెలుపు, నీలం, ఆటల చొక్కా. మధ్యలోవి మధ్యలో.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే పక్కింటి పిట్టగోడ మీంచి, ఆ ఇంట్లో పనిచేసే సత్యకుమారి తల పైకొచ్చింది. పాలకొల్లు మనిషి, వీరవేణి కన్నా పెద్దది, గల్ఫుకు కూడా ముందే వచ్చింది, అందరికన్నా ముందు అన్నీ తెలుసుకుంటుంది.

"ఏమే ఈరేణీ, ఏదో గుడ్డ కుట్టేవంట? మా బుడ్డోడు మీ ఇంటికొచ్చి సూసేడంట, నాకూ కావాలని పేచీ. నా కొంప ముంచేవు."

"జేబులక్కా. పిల్ల తనే సర్దుకోడానికి."

"తనే సర్దుకుంటే నువ్వేం సేత్తావు?"

"ఊరెల్తాను."

"ఎల్తావు, ఎల్తావు. నువ్వు లేకపోయినా ఇల్లు నడుత్తాదని వాళ్ళకి నువ్వే సూపింతన్నావు. నడిసిపోతే మళ్ళీ నిన్నెందుకు పిలుత్తారే పిచ్చిమొకమా? నన్ను సూడు. మా ఇంట్లో పంచదార ఎక్కడుందో దేవుడిక్కూడా తెలీదు. నేనే మార్చేత్తుంటాను."

వీరవేణి జవాబు చెప్పబోయింది. తల మీదుగా విమానం దిగింది. అరాద్‌లో మాటలు విమానాన్ని బట్టి ఆగుతాయి, మళ్ళీ మొదలవుతాయి. ఎవరూ పైకి చూడరు. చప్పుడు తగ్గేసరికి చెప్పబోయిన మాట అవసరం లేదనిపించింది.

"నవ్వుకోక్కా," అంది. "నా పని నేను సరిగ్గా సేత్తే భయమెందుకు?"

"అబ్బో," అంది సత్యకుమారి, తడి దుప్పటి దులిపి.

*

ఆదివారం పొద్దున హెస్సా తనంతట తాను లేచింది. తనంతట తాను మేజోళ్ళు వేసుకుంది. బ్యాగు భుజాన తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఖలాస్!" అని ప్రకటించింది. తర్వాత బ్యాగు కింద పెట్టి పాలు తాగడానికి కూర్చుంది.

వీరవేణి చెయ్యి బ్యాగు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళమని ఆమె చెప్పలేదు. లోపల తెల్ల అట్ట, నీలం అట్ట, ఆటల చొక్కా.

మొదటి రోజు కదా, కంగారు. రాషిద్ కూడా ఒకటో తరగతి మొదటి రోజున దిండు గలీబు పెట్టుకుని వెళ్ళబోయాడు. పిల్ల చూడకుండా తెలుపూ నీలమూ తీసేసి, ఆకుపచ్చా ఎరుపూ పెట్టింది. రంగు పెన్సిళ్ళు పెట్టింది. తీసినవి ఏ జేబువో ఆ జేబులో, ఏ అలమారవో ఆ అలమారలో. హెస్సా పాలగ్లాసు దించేలోగా అయిపోయింది.

"అంతా తనే సర్దుకుందా?" అంది మేడం, కారు తాళాలు వెతుక్కుంటూ.

"తనే మేడం."

అబద్ధం కాదు. సర్దుకున్నది తనే. కారు వీధి మలుపు తిరిగాక వీరవేణి గిన్నెలు తోముతూ తన గుండెలో ఒక వెచ్చదనం గమనించింది. పిల్ల మొదటిరోజు బడికి వెళ్ళిన సంతోషమనుకుంది. ఇంకా లోపలికి వెళ్ళి చూడలేదు.

సోమవారం మళ్ళీ అంతే. సోమవారానికి కావలసినవి కాదు, బుధవారానివి ఉన్నాయి. మళ్ళీ మార్చింది. ఈసారి కొంచెం విసుగు నటించింది, ఎవరూ చూడకపోయినా. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఒకరి ముందు ఉన్నట్టే ఉంటుంది. ఆ ఒకరికి వినిపించేలా "ఈ పిల్లతో ఏగలేం" అని గొణిగింది.

మంగళవారం బ్యాగు తెరిచింది. పసుపు, ఎరుపు, చిన్న తువ్వాలు. మంగళవారానివే. ఒక్కటి కూడా తప్పు లేదు.

చూశారా, అనుకుంది, అదే ఆ ఎదురుగా ఉన్న ఒకరితో. రెండు రోజులు తడబడింది, మూడో రోజుకు దారిలో పడింది. పిల్లలంతే. పద్ధతి సరైనదైతే ఆలస్యంగానైనా అందులోకి వస్తారు. ఆ సాయంత్రం ధైర్యంగా ఇంటికి ఫోన్ చేసింది.

"వచ్చేత్తన్నానే. నీ పెట్టె నేనే సర్దుతాను. ఏదీ ముట్టుకోకు."

"అమ్మా, నేను సర్దేసుకున్నానే," అంది సత్యదుర్గ.

"ఏంటి సర్దేసుకున్నావు?"

"అన్నీని. దుప్పటి, బకెట్టు, తెల్ల డ్రస్సులు, తాళంకప్ప, కొబ్బరినూనె. వాళ్ళు అడగనియి కూడా పెట్టేను, సూదీదారం, తాడు. నాన్న సూసి నోరెళ్ళబెట్టేడు."

"తాడెందుకే?"

"బట్టలారేసుకోడానికి. అక్కడ తీగలన్నీ సీనియర్లవి అంట."

ఇది తనకు కూడా తట్టి ఉండేది కాదు. వీరవేణి నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో తడబడింది. "మరి నేనెందుకు రావడం?"

"తిట్టడానికి," అంది కూతురు వెంటనే. "నాన్న తిడితే తిట్టినట్టుండదు, జాలేత్తాది. నువ్వొచ్చి కాసేపు తిట్టి, దింపేసి ఎల్లు."

ఫోన్ పెట్టేశాక వీరవేణి మంచం మీద కూర్చుంది. ఎవరు నేర్పారు ఆ పిల్లకు? ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి ఎవరూ పక్కన లేరు కాబట్టి నేర్చుకుంది. ఈ ఆలోచనలో గర్వం ఉంది, అది నిజమైన గర్వం. దాని కిందే ఇంకొకటి ఉంది, దాన్ని చూడకుండా దీపం ఆర్పినట్టు లేచి వెళ్ళి చపాతీ పిండి కలిపింది.

*

బుధవారం పొద్దున బ్యాగు తెరిస్తే, సోమవారానివి.

అయ్యో అనవలసిన చోట వీరవేణి మనసు అమ్మయ్య అంది.

ఆ మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. పక్కగదిలోంచి ఎవరో అన్నంత స్పష్టంగా. చేతులు ఆగలేదు, తీయవలసినవి తీశాయి, పెట్టవలసినవి పెట్టాయి. పిల్ల వెళ్ళింది. మేడం వెళ్ళింది. వీరవేణి చేపలు ముందు పెట్టుకుని పొలుసు గీస్తూ ఆ మాటనూ గీయడం మొదలుపెట్టింది.

అమ్మయ్య అంటే? పిల్ల తప్పు చేసినందుకు సంతోషమా? తప్పు చేస్తే తన ప్రయాణం పోతుంది, నెలాఖరు పోతుంది, కాకినాడ పోతుంది. అది తెలిసీ సంతోషమా? ఆదివారం నాటి వెచ్చదనం గుర్తొచ్చింది. బడి సంబరం కాదది. పుస్తకాలు మార్చినప్పటి వెచ్చదనం. ఇంకా నేను కావాలి. నేను లేకపోతే ఎరుపు రావలసిన చోట నీలం వస్తుంది. సొంత కూతురు తాడుతో సహా సర్దేసుకుంది, ఈ పిల్లయినా నన్ను వదలలేదు.

అంటే సత్యకుమారి పంచదార డబ్బా మారుస్తానంటే తాను తేలిగ్గా కొట్టిపారేసింది కానీ, తాను చేస్తున్నదీ అదే. ఆమె తెలిసి చేస్తుంది, నవ్వుతూ చెబుతుంది కూడా. తాను తెలియకుండా చేసింది, దానికి సాయమని పేరు పెట్టుకుంది. పొలుసు ఒకటి ఎగిరి చెంపకు అంటుకుంది. దాన్ని తుడుచుకోకుండానే ఇంకో చేపను ముందుకు లాక్కుంది. విచిత్రంగా సిగ్గు వేయలేదు. ఏళ్ళ తరబడి ఇంట్లో ఎక్కడో వాసన వస్తుంటే, ఆఖరికి ఏ అలమార వెనకనుంచో తెలిసినప్పుడు కలిగే తేలిక కలిగింది. తెలిస్తే కడగొచ్చు. కడగడం తనకు చేతనవును.

మధ్యాహ్నం హెస్సా బడి నుంచి వచ్చి బ్యాగు గోడవార పెట్టి, దానికి దూరంగా నిలబడింది.

"వేణీ," అంది రహస్యంగా, "బ్యాగులో జిన్ను ఉంది."

"జిన్నా? దెయ్యమా?"

"ఆయ్. నేను పెట్టినవి వేరే. అక్కడ తీస్తే ఉండేవి వేరే. జిన్ను దార్లో మార్చేస్తంది."

వీరవేణి బ్యాగు వంక చూసింది.

"నిన్న రాలేదు," అంది హెస్సా ఆలోచిస్తూ. "మంగళారం జిన్నుకు సెలవు."

పిల్ల మతిమరుపుతో తప్పు చేయడం లేదు. ప్రతిరోజూ ఏం పెట్టిందో దానికి పక్కాగా గుర్తుంది. తాను సరిగ్గానే పెట్టానని నమ్మకం ఉంది. ఎంత నమ్మకమంటే, తనను అనుమానించడం కంటే జిన్నును నమ్మడం దానికి తేలికైంది. అలాంటి నమ్మకాన్ని ఇంకో వారం ఇలాగే మారుస్తూ పోతే ఏమవుతుంది? జిన్ను పోతుంది, అనుమానం మిగులుతుంది.

"దా," అంది వీరవేణి. గుడ్డ ముందుకు తీసుకెళ్ళింది. ముఖం కనపడకుండా పిల్ల వెనక నిలబడింది. "ఆదివారం ఏది? సూపించు."

హెస్సా వేలు తడుముకోలేదు. కుడి చివరి జేబు మీద ఆగింది. "ఇది. తరవాత ఇది సోమారం," అంటూ వేలు కుడి నుంచి ఎడమకు నడిచింది, "ఇది మంగళారం, ఇది బుధారం, ఇది గురారం. ఖలాస్."

ఒక్కసారిగా అన్నీ వాటి వాటి చోట్లకు వెళ్ళి కూర్చున్నాయి. ఆదివారం తెరిస్తే గురువారం. సోమవారం తెరిస్తే బుధవారం. ఎటునుంచి లెక్కపెట్టినా నడిమిది నడిమిదే, అందుకే మంగళవారం జిన్నుకు సెలవు. పిల్ల ఒక్కరోజు కూడా తప్పు చేయలేదు. తెల్లవాళ్ళ అక్షరమైనా తెలుగు అక్షరమైనా ఎడమ నుంచి మొదలవుతుందని చెయ్యికి అలవాటైన మనిషి కుట్టిన గుడ్డ అది. అరబ్బీ పుస్తకాలు కుడి నుంచి తెరుచుకుంటాయని తనకు తెలియదా? ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడు రాషిద్ పుస్తకాలన్నిటికీ పేరు చీటీలు వెనక అట్ట మీద అంటించి, వాడితో పక్షం రోజులు నవ్వించుకోలేదా? పుస్తకంలో నేర్చుకున్న సంగతి గుడ్డ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మరిచిపోయింది. మనిషి తెలివి మొత్తం ఒకే గదిలో ఉండదు కాబోలు. ఒక గదిలో దీపం పెడితే పక్క గది చీకటిగానే ఉంటుంది.

వీరవేణి నేల మీద కూర్చుని నవ్వసాగింది. హెస్సా అనుమానంగా చూసింది.

"జిన్ను దొరికిందే," అంది వీరవేణి. "నేనే. నువ్వు పాలు తాగుతుంటే నేనే మార్చేదాన్ని. నువ్వు తప్పెట్టేవనుకున్నాను. తప్పు నాది. నువ్వన్నదే ఆదివారం."

హెస్సా కొంచెం వంగి ఆమె పాదాల వంక చూసింది. జిన్నుకు గాడిద కాళ్ళుంటాయని రాషిద్ చెప్పాడు. మామూలు కాళ్ళే ఉన్నాయి, చేప పొలుసు అంటుకుని.

"చెప్పొచ్చు కదా," అంది పిల్ల. కోపంగా కాదు. పెద్దమనిషి తరహాగా.

*

మేడం వచ్చి టీ తాగాక వీరవేణి ఆమెను గుడ్డ దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం చెప్పింది. చెప్పకుండా జేబుల్లో సరుకు అటుది ఇటూ ఇటుది అటూ మార్చేస్తే సరిపోయేది. రేపటితో వారం అయిపోయేది, టికెట్ వచ్చేసేది. ఆ దారి ఆమెకు కనపడకపోలేదు. కానీ ఆ టికెట్ మీద వెళ్ళేది జిన్ను అవుతుంది. తాను వెళ్ళాలి.

మేడం గుడ్డను చూసింది, వీరవేణిని చూసింది, నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది. "నేను రోజూ దీని ముందునుంచే వెళుతున్నాను. నాకూ ఇదే ఆదివారమనిపించింది," అంటూ కుడి చివర చూపించింది. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుంది. "అయితే ఈ వారమంతా బ్యాగు సర్దింది నువ్వన్నమాట."

"మంగళారం తప్ప."

"ఇక ఒక్కరోజే మిగిలింది, వీరవేణీ."

"ఒక్కరోజు చాలు మేడం."

మేడం సోఫాలోంచి లేచింది. "సరే. రేపు బడి గేటు దగ్గర నేనే బ్యాగు తెరుస్తాను. సరిగ్గా ఉంటే అక్కడినుంచే టికెట్ తీస్తాను. లేకపోతే డిసెంబరు. మళ్ళీ అడగొద్దు."

"అడగను."

వీరవేణి, హెస్సా కలిసి జేబులు మార్చారు. కుడి చివరకు ఆదివారం సరుకు, ఎడమ చివరకు గురువారం సరుకు. మంగళవారాన్ని ముట్టుకోలేదు. ఏది ఎటు పోవాలో హెస్సాయే చెప్పింది, వీరవేణి అందించింది.

గురువారం పొద్దున ఆమె కావాలనే రొట్టెల పిండిలో మణికట్టు దాకా చేతులు పెట్టుకుని కూర్చుంది. గదిలో అలమార తలుపు చప్పుడైంది. ఏదో కింద పడింది. మళ్ళీ చప్పుడు. కాసేపు ఏ చప్పుడూ లేదు, అది అన్నిటికన్నా కష్టమైంది. నిన్న అటు మార్చినవి, ఇటు మార్చినవి, ఆరేళ్ళ పిల్ల, వారమంతా అలవాటైనది ఒకటి, ఇవాళ ఉన్నది ఒకటి. సరిగ్గా ఎడమ చివరకు వెళ్ళిందా, లేక నిన్నటి మార్పు తలుచుకుని తికమక పడి మళ్ళీ కుడికి వెళ్ళిందా? వెళ్ళి ఒక్కసారి తొంగి చూస్తే తెలిసిపోతుంది. చేతులకు పిండి ఉంది. పిండి కడుక్కోవడం ఎంతసేపు?

కారు హారన్ మోగింది.

హెస్సా బ్యాగును నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. జిప్పు సగంలో ఇరుక్కుంది. "వేణీ, ఇది రావట్లేదు. వెయ్యి."

వీరవేణి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బ్యాగు నోరు తెరుచుకుని ఆమె ఒళ్ళోనే ఉంది. కళ్ళు దించితే చాలు, రంగు కనిపిస్తుంది. తెలుపా, ఎరుపా? నెలాఖరా, డిసెంబరా? పైనుంచి హెస్సా ఆమెనే చూస్తోంది, ఆ ముఖంలో జవాబు కోసం వెతకడం లేదు. ఆలస్యమవుతోందన్న చిరాకు తప్ప ఇంకేమీ లేదు.

"యల్లా వేణీ," అంది.

"ఆయ్," అంది వీరవేణి.

ఇరుక్కున్న దారప్పోగును వేలితో తడిమి పక్కకు తప్పించింది. చూపు హెస్సా ముఖం మీదే ఉంచి, జిప్పును చివరిదాకా లాగేసింది.